ఐసు బాబాయ్ నీటిబల్లి

నిన్న కాలవ గట్టు మీద పాత సామాను బండి వెళుతోంది. బండి నిండా విరిగిన కుర్చీలు, తుప్పు పట్టిన ఫ్యాను రెక్కలు, వాటి మీద బోర్లించిన ఒక గాజు తొట్టి. తొట్టికి ఒక మూల పగులు ఉంది, పగులు మీద నల్ల టేపు ఉంది. ఆ టేపు ఎవరు వేశారో నాకు తెలుసు. వేస్తున్నప్పుడు అటువైపు గాజు కదలకుండా పట్టుకున్నది నేనే. నేను చూడటం చూసి బండివాడు ఆగాడు. తీసుకోమ్మా, చేపలు పెంచుకోవచ్చు అన్నాడు. చేపలు అమ్ముకు బతికేదాన్ని, పెంచడం నాకు చేతకాదని చెప్పి వచ్చేశాను. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

నాకు సంతకం వరకే వచ్చు. మా కోడలు పదో తరగతి చదివింది. నేను చెబుతాను, నువ్వు రాయమ్మా అన్నాను. ఇదంతా ఐసు బాబాయ్ గురించి.

ఆయన పేరు ఇక్కడ చెప్పను. ఆయన కూడా ఎవరి పేరూ పలికేవాడు కాదు. తణుకు ఊరి చివర ఐసు ఫ్యాక్టరీలో ఉండేవాడు. మిషను నడిపేదీ, ఐసు దిమ్మలు కొట్టి ఇచ్చేదీ, రాత్రి కాపలా పడుకునేదీ అన్నీ ఆయనే. తెల్లారకముందే మేము చేపలవాళ్లం, రొయ్యల లారీలవాళ్లు, సోడా బండివాళ్లు వరసలో నిలబడేవాళ్లం. ఎవరు ఏ సామాను తెచ్చుకుంటే అదే వాళ్ల పేరు. లారీ, ఇటు రా. సోడా, నువ్వు వెనక్కి. ట్రేలు, నీ వంతు అయిపోయింది. నన్ను బుట్ట అనేవాడు. ఏమే బుట్టా అని ఆయన అరిస్తే కాలవ అవతలి వాళ్లకి కూడా వినపడేది. నా వెనకే నిలబడే మా తోడికోడలు సత్తు బేసిను తెచ్చుకునేది కాబట్టి దాన్ని బేసిను అనేవాడు. మేమిద్దరం ఇంట్లో పోట్లాడుకున్నప్పుడు కూడా ఆ పేర్లతోనే తిట్టుకునేవాళ్లం.

మా ఆయన బతికున్నంత కాలం ఐసుకి నేను వెళ్లలేదు. ఆయన పచ్చకామెర్లతో పోయాక పెద్దకర్మ అయిన మూడో రోజే బుట్ట ఎత్తుకున్నాను. ఇంట్లో కూర్చుంటే ఎవరు పెడతారు? వరసలో నిలబడ్డాను గానీ కళ్ల నీళ్లు ఆగటం లేదు. నా వంతు వచ్చింది. బాబాయ్ నా మొహం చూశాడు, బుట్ట చూశాడు. ఏడుపు తర్వాత, ముందు బుట్ట పట్టు, ఐసు కరిగిపోతోంది అని కసిరాడు. పాడుముండాకొడుకు అనుకున్నాను మనసులో. బుట్ట పట్టాక రెండు పారలు ఎక్కువ వేశాడు. ఎందుకు బాబాయ్ అంటే, నీకు కాదు, చేపలకి, ఇవాళ నువ్వు ఆలస్యంగా తిరుగుతావు అన్నాడు. నిజమే, ఆ రోజు ప్రతి గుమ్మం దగ్గరా ఆడవాళ్లు కూర్చోబెట్టి అడిగారు. మధ్యాహ్నం రెండయింది. చేప చెడలేదు.

ఆయన తిట్టుకి లెక్క లేదు. బుట్టకి చిల్లు ఉంటే తిట్టేవాడు, చెప్పులు తడి మీద జారితే తిట్టేవాడు, వాన రోజు రాకపోతే మర్నాడు దానికీ తిట్టేవాడు. జ్వరంతో పడుకుని రెండు రోజులు మానేస్తే, మూడో రోజు, చచ్చావనుకుని నీ వంతు ఐసు సోడాబండికి ఇచ్చేశాను అన్నాడు. మా ఆయన పోయాక నేను వచ్చానో లేదో చూసుకున్న మనిషి ఈ లోకంలో ఆయనొక్కడే. అది నాకు అప్పుడు తట్టలేదు.

వైశాఖ మాసంలో మేమంతా చెమటలు కారుతుంటే ఆయన తలకి మంకీ క్యాపు పెట్టుకుని, స్వెట్టరు వేసుకుని తిరిగేవాడు. చల్లటి నీళ్లు తాగగా నేను చూడలేదు. గ్లాసు పట్టుకుంటే చెయ్యి కాలాలి, అలాంటి టీ తాగేవాడు. దిమ్మ మీద కొక్కెంతో ఒక గీత గీసి, ఒక్క పోటు పొడిస్తే, కత్తితో కోసినట్టు రెండుగా విడిపోయేది. మిషను మీద ఇనప రాడ్డు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని వినేవాడు. ఏమంటోంది బాబాయ్ అంటే, నీకంటే తక్కువే వాగుతోంది అనేవాడు. ఎడమ చేతికి చివరి రెండు వేళ్లు లేవు. ఐసు ముక్కలు చేసే క్రషర్‌లో పోయాయి. కొత్తవాళ్లు ఎవరైనా అడిగితే, దానికి ఆకలేసింది, పెట్టాను అనేవాడు. ఇంకేమీ చెప్పేవాడు కాదు. పెళ్లయిందా, పిల్లలున్నారా అని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు. ఉన్నా, ఆయన్ని చూడటానికి ఎవరూ వచ్చింది లేదు.

ఒకసారి చిన్న పంపు మోటారు కాలిపోతే వైండింగ్‌కి రాజమండ్రి పట్టుకెళ్లాడు. సాయంత్రం దాకా ఆగమన్నారట. ఆ కొట్టు పక్కనే రంగు చేపలు అమ్మే కొట్టు ఉంటే నీడకి అందులో కూర్చున్నాడు. అక్కడ ఒక తొట్టిలో రెండు జీవాలు ఉన్నాయి. ఒకటి రెండోదాని కాలు కొరికేసింది. ఇది నిలవదండీ, మన ఎండలకి దీన్ని బతికించాలంటే ఎప్పుడూ చల్లటి నీళ్లు ఉండాలి, పారేద్దామనుకుంటున్నాను అన్నాడట కొట్టువాడు. ఈయన ఒక చేత్తో మోటారు, రెండో చేత్తో ఆ జీవాన్ని నీళ్ల కవరులో వేయించుకుని రైలెక్కాడు. నిడదవోలులో రైలు చాలాసేపు ఆగిపోయింది. నీళ్లు వెచ్చబడుతున్నాయని దిగి, కూలింగ్ నీళ్ల సీసాలు కొని, వాటిని కవరు చుట్టూ పెట్టుకుని ఒళ్లో పట్టుకుని కూర్చున్నాడు. బతుకంతా చల్లదనం అమ్మినవాడు మొదటిసారి దాన్ని కొన్నాడు. ఈ సంగతి ఆయనే చెప్పాడు, ఏదో మోసపోయినట్టు.

మర్నాడు పొద్దున వరసలో ఉన్నవాళ్లమంతా లోపలికి వెళ్లి చూశాం. దిమ్మలు నిలవ చేసే చలి గది గోడకి ఆనించి గాజు తొట్టి పెట్టాడు. అందులో జానెడు పొడుగున తెల్లగా, లోపలి నెత్తురు పైకి కనపడేటంత లేతగా ఒకటి పడుకుని ఉంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలా ఉంది. మెడకి అటు మూడు, ఇటు మూడు ఎర్రటి కుచ్చులు. అవే దాని మొప్పలట. చేతులకి బుల్లి బుల్లి వేళ్లు. కుడి వైపు ముందు కాలు మోకాలి దాకే ఉంది. నోరు చూస్తే నవ్వుతున్నట్టు ఉంది. నవ్వు కాదు, దాని నోరు అలా పుట్టింది అన్నాడు ఆయన. ఆక్సొలాటల్ అని కొట్టువాడు చెప్పాడట గానీ మా నోళ్లకి అది తిరగలేదు. నీటిబల్లి అన్నాం. మా తోడికోడలు, ఇది పులుసుకి చాలదు, వేపుడికి రాదు, ఎందుకు బాబాయ్ అని నవ్వింది. నీ నాలుక వేసి పెంచుతానే బేసినా, కిలో పైనే ఉంటుంది అన్నాడు.

అందరూ వెళ్లాక నేను అడిగాను, నిజంగా ఎందుకు బాబాయ్ అని.

"దానికి చలి కావాలంట. నా దగ్గర ఇంకేం ఉందే?" అన్నాడు.

నీళ్ల సీసాలు ఐసులో గడ్డకట్టించి తొట్టిలో తేలేసేవాడు. ఒకటి కరిగితే ఇంకొకటి. కుళాయి నీళ్లు బకెట్లో పట్టి ఒక రోజంతా ఉంచి, బ్లీచింగ్ వాసన పోయాకే పోసేవాడు. కాలవ గట్టు తవ్వి ఎర్రలు, అదే వానపాములు తెచ్చి, కడిగి, ముక్కలు చేసి, చీపురుపుల్లకి గుచ్చి దాని నోటి ముందు ఆడించేవాడు. మేము తినేది ఏమిటో ఎప్పుడూ అడగని మనిషి అది తిన్నదా లేదా రోజూ నాకు చెప్పేవాడు.

కొన్నాళ్లకి ఆ తెగిన కాలు దగ్గర బియ్యపు గింజంత బుడిపె వచ్చింది. గింజ మొగ్గయింది. మొగ్గ చివర చీలికలు పడ్డాయి. వేళ్లు. నేను నమ్మలేదు. తోక తెగితే బల్లికి వస్తుందని తెలుసు, కాలు వస్తుందని ఎవరు విన్నారు? పొద్దున్నే, ఏమే బుట్టా, లోపలికి వచ్చి చూడు, ఇవాళ మూడోది విడిపోయింది అని అరిచేవాడు. వెనక లారీవాళ్లు ఐసు కోసం హారను కొట్టినా లెక్కచేసేవాడు కాదు. ఒకరోజు తన ఎడమ చెయ్యి గాజుకి ఆనించి పెట్టి, లోపల దాని చేతి వంక చూస్తూ నిలబడ్డాడు. నా వేళ్లు పోయి ముప్పై ఏళ్లయింది, మొలకైనా రాలేదు అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

తర్వాతి ఎండాకాలం దానికి జబ్బు చేసింది. రెండు రోజులు మిషను ఆగితే తొట్టి వెచ్చబడింది. దానికి తోడు తొట్టి మూల పగిలింది. టేపు వేసి ఆపాం గానీ, కుచ్చుల మీద దూది పోగుల్లాంటివి పట్టాయి. తినడం మానేసింది. తోక కొస కొక్కెంలా వంచుకుని పైకి తేలేది. ఆయన రాజమండ్రి కొట్టువాడికి ఫోను చేసి అడిగాడు. ఎండిన బాదం ఆకులు నీళ్లలో నానబెట్టి, ఆ రంగు నీళ్లు చిన్న టబ్బులో పోసి, అందులో వేసి బాగా చల్లగా ఉంచమన్నాడు. ఫ్రిజ్‌లో పెడితే మంచిది అన్నాడట. ఐసు ఫ్యాక్టరీలో ఉన్నవాడికి ఫ్రిజ్ ఎందుకురా అని తిట్టి పెట్టేశాడు. మేము చేపలకి వాడే థర్మాకోల్ పెట్టె ఒకటి నా దగ్గరే తీసుకున్నాడు. అడుగున ఐసు, చుట్టూ ఐసు, మధ్యలో టబ్బు, పైన మూత. రోజూ నీళ్లు మార్చేవాడు. బాదం ఆకుల కోసం స్కూలు గోడ పక్కన వంగి ఏరుకుంటుంటే పిల్లలు ఆయన్ని చూసి నవ్వేవాళ్లు.

అలా వంగినప్పుడే నేను పసిగట్టాను. ఆయన పక్కన నిలబడితే కుళ్లిన వాసన వచ్చింది. నాకు ఆ వాసన తెలుసు. ఏ చేప ఎన్ని గంటల కిందట చెడిందో ముక్కుతో చెప్పగలను. కాలు చూపించమన్నాను. బూతులు తిట్టాడు. నేను వదల్లేదు. రబ్బరు చెప్పు తీయించి చూస్తే ఎడమ కాలి చిటికెన వేలు, దాని పక్కది బొగ్గులా ఉన్నాయి. ఎప్పటి నుంచో షుగరు ఉంది, మందు లేదు. ఏళ్ల తరబడి తడిలో నిలబడిన కాళ్లు, తిమ్మిరెక్కి నొప్పి కూడా తెలియలేదు. నేనే వెళ్లి ఫ్యాక్టరీ యజమానికి చెప్పాను. ఆయన మంచివాడే. అప్పటికప్పుడు కారు పంపాడు.

కారు వచ్చి నిలబడితే ఈయన ఎక్కడు. దీన్ని ఎవరు చూస్తారు అంటాడు. డాక్టరు వేళ్లు తీసేస్తాడు, ఐదారు రోజులు ఉండాలి, ఈ ఐదారు రోజుల్లో దీని కథ తేలిపోతుంది అంటాడు. నేను చూస్తానన్నాను. అప్పుడు నా వంక చూసిన చూపు ఎప్పుడూ చూడలేదు. పెట్టె నా ముందు పెట్టి చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. టబ్బు నీళ్లలో ఐసు ముక్క పడకూడదు. పొద్దునా సాయంత్రం వేలు పెట్టి చూడాలి.

"వేలికి జిల్లుమనాలి, కొరక్కూడదు. కొరికితే ఐసు తీసేయ్. గుర్తుంటుందా?"

ఉంటుందన్నాను.

"వీళ్లెవరికీ ఇవ్వను. ప్రాణమున్నదాన్ని పట్టుకోవడం నీ చేతులకే వచ్చు."

ప్రాణం పోయినవాటిని పట్టుకోవడమే కదా బాబాయ్ నాకు అలవాటు అన్నాను. నోర్ముయ్ అని కారెక్కాడు.

రెండు రోజులు బాగానే గడిచింది. పెట్టె మా ఇంట్లో గోడ మూల పెట్టుకున్నాను. కోడలు అప్పుడు పుట్టింట్లో ఉంది. కొడుకు రొయ్యల చెరువు దగ్గర కాపలా, వారానికి ఒకసారి వస్తాడు. ఇంట్లో నేనూ అదీ. నీళ్లు మారుస్తున్నప్పుడు అరచేతిలోకి తీసుకుంటే, కొత్తగా మొలిచిన ఆ చేత్తో నా బొటనవేలు పట్టుకునేది. పట్టు అని కూడా అనలేం, ఆనించేది. రెండో రోజు సాయంత్రం కుచ్చుల మీద దూది కొంచెం తగ్గినట్టు కనపడింది. వానపాము ముక్క పెడితే నోరు తెరిచింది, మింగలేదు గానీ తెరిచింది. ఆసుపత్రికి ఫోను చేయించి ఆ మాట చెప్పించాను. వేళ్లు తీసేశారట. నీటిబల్లి నోరు తెరిచిందంటే ఏమన్నాడు అని అడిగితే, ఏడ్చాడమ్మా అని చెప్పాడు యజమాని డ్రైవరు.

మూడో రోజు పొద్దున ఫ్యాక్టరీకి వెళితే తలుపులు వేసి ఉన్నాయి. మిషను ఆగిపోయింది. ఆయన ఉంటే ఆ రాడ్డు చెవికి పెట్టి ఎక్కడ జబ్బో చెప్పేవాడు. కొత్త మెకానిక్ వచ్చేసరికి మర్నాడవుతుందన్నారు. రోహిణి కార్తె. ఏడు గంటలకే నేల కాలుతోంది. నా దగ్గర ముందు రోజుది అర గోనె ఐసు మిగిలింది. దాంట్లోనే బుట్టలో చేపలకి కావాలి, పెట్టెలో దానికి కావాలి. చేపలు అప్పటికే కొనేశాను. మధ్యాహ్నం దాకా ఊళ్లు తిరగాలి. ఉన్న ఐసు సాయంత్రం దాకా నిలబడాలి.

మేము దూరం ఊళ్లకి వెళ్లే రోజు ఐసులో రాళ్లుప్పు కలుపుతాం. మా అత్త అలాగే చేసేది. ఉప్పు పడితే చలి గట్టిగా పడుతుంది, చేప బిర్రుగా ఉంటుంది, మొప్ప రంగు మారదు. ఇందులో ఆలోచించేది ఏముంది? అన్నంలో ఉప్పు వేసినట్టే. టబ్బు నీళ్లలో ఒక్క ఉప్పు గల్లు పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, చుట్టూ ఉన్న ఐసు మీద నాలుగు గుప్పిళ్లు వేశాను. చేపలకి రెండు వేసేదాన్ని, దీనికి నాలుగు వేశాను. ప్రాణమున్నది కదా అని ఎక్కువ వేశాను. మూత పెట్టి, మూత మీద ఇటుక పెట్టి, బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయాను.

ఫ్యాక్టరీలో డబ్బాల్లో మంచినీళ్లు పోసి పెద్ద తొట్టిలోకి దించుతారు. మర్నాటికి ఆ నీళ్లు దిమ్మలవుతాయి. ఆ తొట్టిలో ఉండేవి ఉప్పునీళ్లు. తొమ్మిదేళ్ల నుంచి రోజూ చూస్తున్నాను. ఉప్పునీళ్లు ఎందుకు పోస్తారని ఏనాడూ అడగలేదు.

పన్నెండు దాటాక వచ్చి మూత తీస్తే తెల్లగా పొగ లేచింది. టబ్బు చుట్టూ, బాదం ఆకు రంగులో, గాజులా గడ్డకట్టింది. మధ్యలో కొంచెం మెత్తగా ఉంది. అది ఆ మెత్తటి చోట లేదు. ఒక పక్కకి పోయి ఉంది. చేతులు రెండూ చాపి, తల గడ్డలో ఇరుక్కుని ఉంది. వేలు పెట్టాను. కొరికింది. గోళ్లతో గీరాను, కుండలో నీళ్లు తెచ్చి పోశాను. కుచ్చులు కదిలాయి. బతికుంది అనుకున్నాను. నీళ్లు పోయడం ఆపితే అవీ ఆగాయి. చేతిలోకి తీసుకుంటే బిర్రుగా ఉంది. చేప అయితే మంచి సరుకు అనేదాన్ని.

అప్పుడు నేను చేసిన పని చెప్పాలి. పెట్టెలో ఐసంతా కాలవలో పారబోశాను. ఉప్పు డబ్బా అటక మీదికి తోసేశాను. పెట్టె బయట గోడకి బోర్లించాను. నన్ను చూసేవాళ్లు ఎవరూ లేరు, అయినా చేశాను. మర్నాడు మిషను బాగయ్యింది. ఐసు కావలసినంత దొరికింది. అందులో దాన్ని ఆయన వచ్చేదాకా మూడు రోజులు దాచాను.

ఆసుపత్రి నుంచి ఆటో నేరుగా మా గుమ్మంలోకే వచ్చింది. కాలికి పెద్ద కట్టు, చంకలో కర్ర. ఎవరూ ఆయనకి చెప్పలేదు. నా మొహం చూసి తెలుసుకున్నాడనుకుంటాను. గుమ్మంలో కూలబడి, దాన్ని ఇమ్మని చెయ్యి చాపాడు. రెండు వేళ్లు లేని ఆ అరచేతిలో పెట్టాను. తిరగేసి చూశాడు. కొత్తగా మొలిచిన చేతి వేళ్లు తెల్లగా చిట్లి ఉన్నాయి. దాన్ని ఒళ్లో పెట్టుకుని, గోడకి ఉన్న పెట్టెని కర్రతో దగ్గరికి లాక్కున్నాడు. అడుగు మూలలో తెల్లటి గీత ఉంది. నేను చూసుకోలేదు. ఆయన వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాడు. చాలాసేపు ఉమ్మలేదు.

"ఎలా పోయింది?" అని అడిగాడు.

"వేడికి, బాబాయ్. మిషను ఆగిపోయింది. ఐసు దొరకలేదు."

నా కళ్లలోకి చూశాడు.

"అంతేనా?"

"అంతే."

ఇప్పుడు లేస్తాడు, కర్ర ఎత్తుతాడు, వీధంతా వినపడేలా అరుస్తాడు అనుకున్నాను. అరిస్తే బాగుండనుకున్నాను కూడా. ఆయన ఆటోవాణ్ణి పిలిచి లేపమన్నాడు. లేచాక నా వైపు తిరిగి, "ఎండలు అలా ఉన్నాయండి మరి. మీరు మాత్రం ఏం చేస్తారు?" అన్నాడు. దాన్ని తువాలులో చుట్టుకుని వెళ్లిపోయాడు.

వరసలో అందరికీ అదే చెప్పాడు. వేడికి పోయింది, పాపం ఆవిడ తప్పేం లేదు అన్నాడు. అందరూ నమ్మారు. మర్నాటి నుంచి నా వంతు రాగానే, రండి, పట్టుకోండి, సరిపోతుందాండి అనేవాడు. నా వెనక ఉన్న బేసినుని మాత్రం బూతులు తిట్టేవాడు. మా తోడికోడలు మూతి తిప్పి, నీకేంటే, కలెక్టరు గారి పెళ్లానివి, మాకా యోగం ఎక్కడిది అనేది. ఒకరోజు కావాలని చిల్లు బుట్ట తీసుకెళ్లాను. ఐసు నీళ్లు కారి ఆయన కట్టు తడిసింది. అయినా తిట్టలేదు. గోనెపట్టా ఒకటి తెచ్చి బుట్టలో పరిచి ఇచ్చాడు. దారి పొడుగునా ఏడ్చుకుంటూ వెళ్లాను.

చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. వరసలో అందరి ముందు ఎలా చెప్పను? వరస అయిపోయాక చేపలు చెడిపోతాయని తొందర. ఇలా కార్తెలు మారాయి. వానలు వచ్చి వెళ్లాయి. చలికాలం రెండో కాలు కూడా నల్లబడింది. యజమాని కారు పంపిస్తే ఈసారి ఎక్కనన్నాడు. ఎవరు బతిమాలినా ఎక్కలేదు. చలి గది వెనక ఉన్న తన గదిలో నులక మంచం మీద పడుకుండిపోయాడు. దిమ్మలు కొత్తవాడు కొడుతున్నాడు. వంకరగా పగులుతున్నాయి.

ఒకరోజు పొద్దున వరసలోంచి బయటికి వచ్చి ఆ గదిలోకి వెళ్లాను. మంకీ క్యాపు గడ్డం దాకా లాక్కుని పడుకున్నాడు. కాలి వాసన గది నిండా ఉంది. టీ తెచ్చాను, బాగా కాగించి తెచ్చాను. రెండు గుక్కలు తాగి వద్దన్నాడు. మంచం పక్కన కింద కూర్చున్నాను. ఇంక ఆపుకోలేక చెప్పేశాను. ఉప్పు వేసింది నేనే బాబాయ్, నాలుగు గుప్పిళ్లు వేశాను, మంచిదే అనుకుని వేశాను, అబద్ధం చెప్పాను అన్నాను.

ఆయన కళ్లు తెరవలేదు. నిద్రపోయాడేమో, మళ్లీ చెప్పాలేమో అనుకున్నాను.

"ఆ రోజు మీ గుమ్మంలో చెప్పుంటే తిట్టేవాణ్ణి," అన్నాడు. "కడుపారా తిట్టేవాణ్ణి. ఇప్పుడు ఓపిక లేదండి."

టీ గ్లాసు తీసి పక్కన పెట్టాను. మీ చేపలు చెడిపోతాయి, వెళ్లండి అన్నాడు. బుట్ట ఎత్తుకుని వెళ్లాను. తర్వాత ఐదో రోజున ఆయన పోయాడు.

గదిలోంచి వచ్చిన ఆ రోజు పది గంటలకల్లా నా చేపలన్నీ అమ్ముడైపోయాయి. మళ్లీ వెళ్లి ఆయన దగ్గర కూర్చోవడానికి మధ్యాహ్నమంతా ఉంది. నేను వెళ్లలేదు.